గమకం తెగకుండా వైఫై మీద: ఈఎస్‌పీ32, ఓఎస్‌సీలతో ఎలక్ట్రానిక్ వాద్యం తయారీ

మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పాలకొల్లులో పుట్టారు. మెట్లున్న విద్యుత్ మాండొలిన్ మీద ఆయన గమకాలు పలికించాక, కరెంటు వాద్యాలకు కర్ణాటక సంగీతం లొంగదని అనడానికి గోదావరి వాళ్లకు నోరు రాకూడదు. అయితే ఆయన చేతిలో తీగ ఉంది. వేలు తీగను లాగితే శ్రుతి అక్కడికక్కడే జారుతుంది. తీగే లేని కంట్రోలర్‌లో వేలి కదలిక ముందు అంకెగా మారాలి, ఆ అంకె గాలిలో ప్రయాణించాలి, అవతలి పెట్టెలో మళ్లీ నాదం కావాలి. గమకం తెగేది ఈ ప్రయాణంలోనే. అది తెగకుండా రెండు పెట్టెలను ఎలా తయారు చేసుకోవాలో ఈ వ్యాసంలో చెబుతాను. భజన బృందంలో వాయించే కీబోర్డు కళాకారుడికీ, కాకినాడలోనో భీమవరంలోనో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న విద్యార్థికీ ఇద్దరికీ పనికొచ్చేలా రాస్తున్నాను. ఆర్డుయినోలో ఒక బల్బు వెలిగించి ఆర్పిన అనుభవం ఉంటే చాలు.

మనం చేయబోయేది

మొదటిది పట్టీ పెట్టె. ఒళ్లో పెట్టుకుని వాయించేది. 200 మిల్లీమీటర్ల స్పర్శ పట్టీ మీద ఎడమచేతి వేలు స్వరాన్ని నిర్ణయిస్తుంది. కుడి బొటనవేలు ఒత్తిడి సెన్సర్‌ను నొక్కుతుంది. హార్మోనియంలో తిత్తి చేసే పని దానిది. రెండోది నాదం పెట్టె. మిక్సర్ పక్కన కూర్చుని, వచ్చిన సందేశాలను శబ్దంగా మారుస్తుంది. రెండింటిలోనూ ఒక్కో ఈఎస్‌పీ32 బోర్డు, అంటే వైఫై ఉన్న చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, ఉంటుంది. మధ్యలో రూటరు లేదు, ఇంటర్నెట్ లేదు. శ్రుతి మార్చడానికి గాయకుడి ఫోను మూడో మనిషిలా వచ్చి చేరుతుంది.

ఈఎస్‌పీ32లోనే తాకితే పనిచేసే పిన్నులు పది ఉండగా విడిగా పట్టీ కొనడం దండగని కొందరంటారు. కోనసీమ ఉక్కపోతలో చెమట పట్టిన వేళ్లతో ఆ పిన్నులను ఒక గంట వాడి చూస్తే ఆ మాట అనరు. తడి మారితే వాటి కొలత కూడా మారిపోతుంది. నొక్కితే పలికే పట్టీకి ఆ బాధ లేదు.

మిడీ ఎందుకు సరిపోదు

మిడీ అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష, 1983 నాటిది. సెకనుకు 31,250 బిట్ల వేగంతో మూడు బైట్ల స్వర సందేశం ఒక మిల్లీసెకను కన్నా తక్కువలో చేరుతుంది. నలభై ఏళ్లు దాటినా ఇంకా బతికి ఉందంటే ఊరికే కాదు. చిక్కు వేగంలో లేదు, కొలతలో ఉంది. మామూలు మిడీ విలువ 0 నుంచి 127 వరకే. మన పట్టీ మీద 1400 సెంట్ల విస్తీర్ణం పెడుతున్నాం (సెంటు అంటే ఇక్కడ పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరంలో నూరో వంతు). ఒక్కో స్వరస్థానానికి 100 సెంట్ల లెక్కన ఒక స్థాయి, ఇరువైపులా చెరొక స్వరస్థానం అదనం. దాన్ని 128 మెట్లుగా కోస్తే ఒక్కో మెట్టు దాదాపు 11 సెంట్లు. తోడిలో గాంధారాన్ని ఊపితే ఆ మెట్లు చెవికి స్పష్టంగా తగులుతాయి. మిడీలోని పిచ్ బెండ్‌కు 14 బిట్లు ఉన్న మాట నిజమే. కానీ దాని పరిధి ఎంతో తేల్చేది అవతలి వాద్యం. అది రెండు అర్ధస్వరాలని ఒక కీబోర్డు అనుకుంటుంది, పన్నెండని మరొకటి అనుకుంటుంది. ఆపైన చానెల్‌లో మోగుతున్న స్వరాలన్నీ కలిసే వంగుతాయి.

ఓపెన్ సౌండ్ కంట్రోల్, పొట్టిగా ఓఎస్‌సీ, సంగీత పరికరాల మధ్య సందేశాలు పంపే పద్ధతి. 1997లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలోని సంగీత పరిశోధన కేంద్రంలో మ్యాట్ రైట్, ఏడ్రియన్ ఫ్రీడ్ రూపొందించినది. 2002లో దాని 1.0 నిర్దేశం వచ్చింది. ఇందులో విలువ 32 బిట్ల దశాంశ సంఖ్యగా వెళ్తుంది. సందేశానికి అంకె బదులు పేరుంటుంది. ఏ స్వరమైనా సరే, 386.3 సెంట్లని పంపితే అవతల 386.3 గానే దిగుతుంది.

ముందే పాటించాల్సిన ఒక నియమం

ఓఎస్‌సీని సాధారణంగా యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతి మీద పంపుతారు. యూడీపీలో సందేశం పోతే పోయినట్టే. మళ్లీ పంపమని అడిగే దిక్కు ఉండదు. అందుకని, పోయినదాన్ని మళ్లీ పంపించే టీసీపీకి మారతామంటే అది ఇంకా ఇబ్బంది. పోయిన ఒక్క ప్యాకెట్ కోసం వెనక ఉన్నవన్నీ ఆగి, ఆ తర్వాత మూకుమ్మడిగా వచ్చి పడతాయి. అప్పటికి గమకం దాటిపోయి ఉంటుంది. నిన్నటి పేపరు ఇవాళ అందినా చదివేవాడుండడు కదా.

కాబట్టి పోయినా ఫరవాలేని విధంగా సందేశాన్నే రాయాలి. 'ఇంకో 12 సెంట్లు పైకి వెళ్లు' అని పంపితే, అది పోయిన క్షణం నుంచి రెండు పెట్టెల లెక్కలూ శాశ్వతంగా వేరవుతాయి. 'ఇప్పుడు 398 దగ్గర ఉన్నాను, ఒత్తిడి 0.6' అని పంపితే, ఒకటి పోయినా పది మిల్లీసెకన్లలో వచ్చే తర్వాతి సందేశం పరిస్థితిని సరిచేస్తుంది. మార్పును పంపకండి, స్థితిని పంపండి. మిడీలో స్వరం మొదలైందని ఒక సందేశం, ఆగిందని ఇంకొకటి వెళ్తాయి. రెండోది దారిలో పోతే ఆ స్వరం కరెంటు తీసేదాకా మోగుతూనే ఉంటుంది. వైఫై మీద మిడీని యథాతథంగా మోయించిన వాళ్లందరికీ ఈ మోత పరిచయమే. కింద వచ్చే నిర్ణయాల్లో సగం ఈ నియమం నుంచి పుట్టినవే.

అడుగు 1: పట్టీని బోర్డుకు కలపడం

స్పర్శ పట్టీకి మూడు కాళ్లుంటాయి. రెండు కొసలవి, మూడోది వేలు నొక్కిన చోటి ఓల్టేజీని ఇచ్చేది. కొసలను తిన్నగా 3.3 ఓల్టులకూ గ్రౌండుకూ కలిపేయాలనిపిస్తుంది, కానీ అలా చేయకండి. ఈఎస్‌పీ32లో ఓల్టేజీని కొలిచే భాగానికి రెండు చివరలా చూపు ఆనదు. 3.1 ఓల్టులు దాటితే అన్నీ దాని గరిష్ఠ అంకె 4095 గానే కనిపిస్తాయి, బాగా కింద అన్నీ సున్నాలే. పది కిలో ఓంల పట్టీకి రెండు కొసల్లోనూ చెరొక 1 కిలో ఓం రెసిస్టర్ పెట్టండి. అప్పుడు వేలు ఏ కొసన ఉన్నా ఓల్టేజీ సుమారు 0.27, 3.03 మధ్యలోనే ఉంటుంది.

దీనివల్ల ఇంకో లాభం కూడా కలిసొస్తుంది. కొలత కాలు నుంచి గ్రౌండుకు 100 కిలో ఓంల రెసిస్టర్ వేస్తే, వేలు లేనప్పుడు విలువ సున్నాకు పడుతుంది. అతి మంద్రంలో నొక్కినా 0.27 ఓల్టులు ఉంటుంది కాబట్టి 'వేలు లేదు', 'వేలు అడుగున ఉంది' అనే రెండింటికీ తికమక ఉండదు.

కొలత కాలును 34వ పిన్నుకు కలపండి. ఒత్తిడి సెన్సర్‌ను 3.3 ఓల్టులకూ 35వ పిన్నుకూ మధ్య పెట్టి, ఆ పిన్ను నుంచి గ్రౌండుకు 10 కిలో ఓంలు వేయండి. పిన్నుల ఎంపిక ఇష్టాన్ని బట్టి కాదు. ఈఎస్‌పీ32లో కొలత యంత్రాలు రెండు. రెండోదాన్ని వైఫై వాడుకుంటుంది కాబట్టి వైఫై నడుస్తుండగా దాని పిన్నులు చదవలేం. 32 నుంచి 39 వరకు ఉన్నవి మొదటి యంత్రానివి. వైఫై లేకుండా పరీక్షించినప్పుడు చక్కగా పనిచేసి, వైఫై వేయగానే చచ్చిపోయే వాద్యాలకు కారణం చాలాసార్లు ఇదే.

అడుగు 2: వేలిని సెంట్లుగా మార్చడం

ప్రతి 2 మిల్లీసెకన్లకు ఒకసారి కొలవండి. ఒక్కో కొలతలో ఎనిమిది రీడింగులు తీసి సగటు వేయండి. వైఫై ప్రసారం జరిగినప్పుడల్లా రీడింగు ఉలిక్కిపడుతుంది, సగటు దాన్ని కొంత మింగేస్తుంది. 10 మిల్లీసెకన్లకు ఒకసారి పంపేది మాత్రం చివరి ఐదు కొలతల సగటు కాదు, వాటి మధ్యస్థం. అంటే వరసలో పేర్చితే మూడో స్థానంలో నిలిచేది. వేలు ఎత్తే క్షణంలో ఓల్టేజీ జర్రున సున్నాకు జారుతుంది, దారిలో ఒకటి రెండు పనికిమాలిన కొలతలు చిక్కుతాయి. సగటు వేస్తే ఆ చెడు విలువ కూడా కలిసి, ప్రతి స్వరం చివరా 'కుయ్' మనే శబ్దం వస్తుంది. మధ్యస్థం వాటిని బయటే నిలబెడుతుంది. వేలు పూర్తిగా లేచాక సెంట్ల విలువను సున్నా చేయకండి. చివరి మంచి విలువనే పట్టుకుని ఒత్తిడిని మాత్రం సున్నా చేసి పంపండి.

తర్వాత గుర్తులు. 1400 సెంట్లను 200 మిల్లీమీటర్లకు పరిస్తే మిల్లీమీటరుకు 7 సెంట్లు, స్వరస్థానానికి 14 మిల్లీమీటర్ల పైచిలుకు. స్కేలు పెట్టి పట్టీ పక్కన 15 గీతలు గీయండి. ఒక్కో గీత మీద నొక్కి, వచ్చిన రీడింగును పట్టికగా బోర్డులో భద్రపరచండి. వాయించేటప్పుడు వేలు రెండు గీతల నడుమ ఉంటే ఆ రెండు విలువల నుంచి దామాషా కట్టండి. ఈ పని బద్ధకించి ఒకే సూత్రంతో లాగేస్తే పట్టీ నడిమధ్యలో తప్పు బాగా పెరుగుతుంది. 100 కిలో ఓంల రెసిస్టర్ ఒక్కటే అక్కడ పది సెంట్లకు పైగా కిందికి లాగుతుంది. మధ్యమం ఆ మాత్రం తగ్గితే తంబురా పక్కన నిలబడదు.

గీతలు సమాన స్వరస్థానాలకే. శుద్ధ పంచమం తంబురాలో 702 సెంట్ల దగ్గర ఉంటుంది, అంతర గాంధారం 386 దగ్గర. వేలు వాటిని వెతుక్కుంటుంది. స్వరాలను దగ్గరి గీతకు లాక్కునే సదుపాయం ప్రోగ్రాములో పెట్టడం తేలికే గాని, పెట్టకండి. దాన్ని పెట్టిన మరుక్షణం ఇది కీబోర్డు అయిపోతుంది.

అడుగు 3: సందేశాన్ని బైటు బైటుగా పేర్చడం

లైబ్రరీలు ఉన్నాయి, వాడుకోండి. అయినా ఒక్క సందేశాన్నైనా చేత్తో పేర్చి చూస్తే తర్వాత తప్పులు వెతకడం సులువవుతుంది.

మన చిరునామా '/పట్టి/1'. ఓఎస్‌సీ ఆస్కీ అక్షరాలనే ఒప్పుకుంటుంది కాబట్టి ప్రోగ్రాములో దీన్ని ఇంగ్లీషు లిపిలోనే రాయాలి. స్లాష్‌లతో, అంకెతో కలిపి 8 అక్షరాలవుతుంది. మాట ముగిసిందని చెప్పడానికి చివర ఒక సున్నా బైటు తప్పనిసరి, అంటే 9. ఓఎస్‌సీలో ప్రతి భాగం పొడవూ నాలుగు గుణిజంగా ఉండాలి, కాబట్టి ఇంకో మూడు సున్నాలు కలిపి 12.

తర్వాత రకాల వరస: ఒక కామా, దాని వెనక పూర్ణాంకానికి ఐ, దశాంశాలకు రెండు ఎఫ్‌లు. సరిగ్గా 4 అక్షరాలు. నాలుగు గుణిజం కాబట్టి ఇక సున్నాలు అక్కర్లేదనుకుంటే బోల్తా పడతారు. ముగింపు సున్నా ఒకటి ఎలాగూ ఉండాలి. దాంతో 5, నింపితే 8.

ఆ తర్వాత విలువలు మూడు, ఒక్కోటి 4 బైట్లు: వరస సంఖ్య, సెంట్లు, ఒత్తిడి. పెద్ద బైటు ముందు రావాలి. ఈఎస్‌పీ32 తన లోపల చిన్న బైటును ముందు పెట్టుకుంటుంది, అందుకని పంపేముందు తిరగేయాలి. మొత్తం 12, 8, 12 కలిపి 32 బైట్లు. యూడీపీ, ఐపీ తలకట్లు కలిపితే 60. సెకనుకు వంద పంపినా 6,000 బైట్లే.

వంద చాలా అని అడగొచ్చు. సెకనుకు ఐదుసార్లు స్వరాన్ని ఊపితే ఒక్కో ఊపుకు 20 విలువలు అందుతాయి. నాదం పెట్టె వాటి మధ్య నునుపుగా కలుపుకుంటుంది. ఐదువందలు పంపితే గమకం ఇంకా బాగుంటుందనుకోకండి. వైఫైని అలసిపోయేలా చేసేది బైట్ల బరువు కన్నా ప్యాకెట్ల సంఖ్యే. వేలు లేనప్పుడు కూడా పంపడం మానకండి, కానీ సెకనుకు పదికి తగ్గించండి.

ఓఎస్‌సీలో అనేక సందేశాలను కాలముద్రతో కట్టకట్టి పంపే ఏర్పాటు కూడా ఉంది. ఇంటర్నెట్ లేని మన పెట్టెలకు నిజమైన గడియారం లేదు. దాని జోలికి పోవద్దు.

అడుగు 4: రెండు పెట్టెల మధ్య వైఫై

నాదం పెట్టెనే వైఫై కేంద్రంగా పెట్టండి. ఈఎస్‌పీ32 ఆ పాత్రలో ఉన్నప్పుడు దాని చిరునామా మామూలుగా 192.168.4.1. పట్టీ పెట్టె దానికి 9000 పోర్టు మీద పంపుతుంది. ఓఎస్‌సీకంటూ రిజర్వు చేసిన పోర్టు లేదు, ఇద్దరూ ఒకటే అనుకుంటే చాలు. అందరికీ వినిపించేలా ప్రసారం చేయకుండా నేరుగా ఆ ఒక్క చిరునామాకే పంపండి. నేరుగా పంపిన ప్యాకెట్ చేరకపోతే వైఫై తనంతట తానే కొన్నిసార్లు మళ్లీ ప్రయత్నిస్తుంది. అందరికీ వేసిన కేకకు ఆ సాయం ఉండదు.

పట్టీ పెట్టెలో వైఫై నిద్రను ఆపేయండి. ఆర్డుయినోలో ఒక్క వరస. నిద్ర ఉంటే, తనకు వచ్చే ప్యాకెట్ల కోసం బోర్డు దాదాపు 102 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే సంకేతం దాకా ఎదురుచూస్తుంది. ఎవరి ఇంట్లోనో రూటరుకు నాదం పెట్టెను తగిలించాల్సి వస్తే దానిలోనూ ఇదే చేయాలి. లేకపోతే వాద్యం నత్తిగా పలుకుతుంది.

సంకేతపదం తప్పక పెట్టండి. తీర్థంలో, అంటే జాతరలో, తెరిచి ఉన్న వైఫై కనిపిస్తే ఊళ్లో కుర్రాళ్లు ఊరుకోరు. ఈఎస్‌పీ32 కేంద్రానికి మామూలుగా నలుగురే అతిథులు. వాళ్లు ముందే కూర్చుంటే మీ పట్టీకి చోటుండదు.

అడుగు 5: నాదం పెట్టె

అంకెలను శబ్ద సంకేతంగా మార్చడానికి పీసీఎం5102ఏ మాడ్యూలు తీసుకోండి. చిప్‌ల మధ్య డిజిటల్ శబ్దాన్ని మోసే ఐ2ఎస్ పద్ధతిలో మూడు తీగలతో కలుస్తుంది. ఎస్‌సీకే అని రాసి ఉన్న కాలును గ్రౌండుకు టంకం వేయండి, అప్పుడు తన గడియారాన్ని తానే తయారు చేసుకుంటుంది.

ఈఎస్‌పీ32లో రెండు కోర్లున్నాయి. వైఫై పని సున్నా నంబరు దాని మీద నడుస్తుంది. సందేశాలు అందుకునే పనిని దానికే వదిలి, శబ్దం చేసే పనిని ఒకటో కోరుకు కట్టేయండి. శబ్దం పని ఎవరి కోసమూ ఆగకూడదు. సందేశం వచ్చినా రాకపోయినా అది ముందు తెలిసిన విలువతో సాగిపోవాలి. 64 శాంపిళ్ల బఫర్లు నాలుగు పెడితే సెకనుకు 44,100 శాంపిళ్ల రేటు దగ్గర 5.8 మిల్లీసెకన్ల ఆలస్యం. ఇంకా తగ్గించాలని ప్రయత్నిస్తే చిటపటలు మొదలవుతాయి.

అందుకునే వైపు జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఒకేసారి నాలుగు ప్యాకెట్లు వచ్చి ఉంటే, ఒక్కో చుట్టులో ఒక్కటి చదవకండి. ఉన్నవన్నీ చదివేసి చివరిదాన్నే అమలు చేయండి. వరస సంఖ్య పాతదైతే పారేయండి. అయితే పట్టీ పెట్టె మధ్యలో ఆగి మళ్లీ మొదలైతే దాని సంఖ్య సున్నా నుంచి వస్తుంది, నాదం పెట్టె వాటన్నిటినీ పాతవనుకుని తోసిపుచ్చుతుంది. ఒక సెకను నిశ్శబ్దం తర్వాత ఏ సంఖ్య వచ్చినా ఒప్పుకోమని రాయండి. ఆ వరసలోని ఖాళీలను లెక్కపెట్టి, ఎక్కువైతే ఒక ఎర్రదీపం వెలిగించండి. వేదిక మీద ఆ దీపం చాలా పనికొస్తుంది.

సెంట్లను 8 మిల్లీసెకన్ల కాలప్రమాణంతో నునుపు చేయండి. పౌనఃపున్యాన్ని కాదు, సెంట్లనే. అప్పుడే మంద్రంలోనూ తారంలోనూ జారుడు ఒకేలా వినిపిస్తుంది. ఒత్తిడి సున్నా నుంచి పైకి లేచే మొదటి సందేశానికి మాత్రం నునుపు వద్దు. నేరుగా ఆ స్వరం మీద వాలాలి, లేకపోతే ప్రతి ఎత్తుగడా పాత స్వరం నుంచి జారుతూ వస్తుంది. తర్వాత షడ్జం పౌనఃపున్యాన్ని, 2ను సెంట్లు భాగించు 1200 అనే ఘాతానికి పెంచి, దానితో గుణించండి.

ఆఖరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: 150 మిల్లీసెకన్ల పాటు సందేశం రాకపోతే శబ్దాన్ని మెల్లగా దించేయండి. బ్యాటరీ అయిపోయినా, పట్టీ పెట్టె కింద పడినా సభలో మోత మిగలదు. వేలు లేనప్పుడూ సెకనుకు పది పంపమన్నది అందుకే.

అడుగు 6: గాయకుడి ఫోను నుంచి శ్రుతి

హరిదాసుగారు ఒకటిన్నర శ్రుతిలో కథ ముగించాక, ఐదున్నరలో పాడే అమ్మాయి వేదిక ఎక్కుతుంది. షడ్జాన్ని నాదం పెట్టెలోనే ఉంచాం కాబట్టి పట్టీని తాకనక్కర్లేదు. టచ్‌ఓఎస్‌సీ లాంటి ఫోను యాప్‌లో శ్రుతులకు మీటలు పెట్టి, '/శ్రుతి' అనే చిరునామాకు పౌనఃపున్యం పంపితే సరి. ఒకటో శ్రుతికి 261.63 హెర్ట్‌జ్, ఒకటిన్నరకు 277.18.

ఇది ఎప్పుడో ఒకసారి వెళ్లే సందేశం, వెనక ఇంకోటి రాదు. పోతే సరిదిద్దేవారు లేరు. కాబట్టి నాదం పెట్టె తన వద్ద ఉన్న శ్రుతిని ప్రతి అర సెకనుకూ ఫోనుకు తిరిగి పంపాలి. ఫోను తెరమీద కనిపించాల్సింది మీరు నొక్కినది కాదు, అక్కడి నుంచి వచ్చినది. అంకె మారకపోతే గాయకుడు ఇంకోసారి నొక్కుతాడు. అంతకన్నా పెద్ద ఏర్పాటు అక్కర్లేదు.

అడుగు 7: ఇంట్లో పరీక్ష

ముందు పట్టీ పెట్టెను ల్యాప్‌టాప్‌కు పంపేలా పెట్టి, నెట్‌వర్క్ ప్యాకెట్లను చూపే వైర్‌షార్క్‌ ప్రోగ్రాములో ఆ 32 బైట్లను కళ్లారా చూడండి. నాదం పెట్టెను విడిగా, ప్యూర్ డేటా అనే సంగీత సాఫ్ట్‌వేర్ నుంచి సందేశాలు పంపి పరీక్షించండి. రెండూ విడివిడిగా బాగున్నాకే కలపండి.

ఆలస్యం కొలవడానికి పెద్ద పరికరాలు వద్దు. పట్టీ పక్కన ఒక మైకు పెట్టి ఎడమ చానెల్‌లోకి, నాదం పెట్టె ధ్వనిని కుడి చానెల్‌లోకి రికార్డు చేయండి. బొటనవేలు నొక్కి ఉంచి, గోటితో పట్టీని టక్కున కొట్టండి. రెండు అలల మధ్య దూరమే ఆలస్యం. 20 మిల్లీసెకన్ల చుట్టూ ఉంటే తృప్తిపడండి. స్పీకరుకు ఏడు మీటర్ల దూరంలో కూర్చున్నవాడికి శబ్దం గాలిలో వచ్చేసరికి అంతే పడుతుంది. 40 దాటితే ముందు వైఫై నిద్రను, తర్వాత బఫర్లను అనుమానించండి.

అడుగు 8: తీర్థంలో

ఇంట్లో నడిచినది కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటలో నడుస్తుందని హామీ లేదు. ఏకాదశ రుద్రుల ప్రభలు చేరే ఆ తోటలో జనం చేతుల్లో ఉన్న ఫోన్లు మన వైఫై నడిచే 2.4 గిగాహెర్ట్‌జ్ మీద కూడా అరుస్తుంటాయి. పైగా మనిషి ఒంట్లో ఉన్నది ఎక్కువగా నీరే, ఆ తరంగాలను బాగా పీల్చుకుంటుంది. నాదం పెట్టెను కింద మిక్సర్ చాటున కాకుండా తలల కన్నా ఎత్తున, పట్టీకి కనిపించేలా కట్టండి. బోర్డు మీద యాంటెనా ఉన్న కొసను ఇనుప గొట్టానికి ఆనించకండి. ముందుగా ఫోనులోని వైఫై విశ్లేషణ యాప్‌తో 1, 6, 11 చానెళ్లలో ఏది ఖాళీగా ఉందో చూసి అదే పెట్టుకోండి.

కరెంటు విషయంలో జనరేటరును నమ్మకండి. రెండు పెట్టెలకూ చెరొక పవర్ బ్యాంకు పెట్టండి. వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ32 ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. సన్నటి యూఎస్‌బీ తీగ అయితే ఓల్టేజీ కుంగి బోర్డు తిరిగి మొదలవుతుంది. బోర్డు దగ్గరే 470 మైక్రోఫారడ్ల కెపాసిటర్ వేస్తే ఆ గండం గడుస్తుంది.

నరసాపురంలో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి అంతర్వేది తీర్థానికి వెళ్లే బృందాలకు ఇంకో మాట. ఉప్పుగాలి టంకం అతుకులను పచ్చబరుస్తుంది. బోర్డుకు రక్షణ లక్క పూయండి, యాంటెనా మీద మాత్రం పూయకండి. పెట్టెలో సిలికా జెల్ సంచి వేయండి.

వేదిక శాశ్వతమైనదైతే, అంటే గుడి మండపమో కళావేదికో అయితే, వైఫైని వదిలేసి డబ్ల్యూ5500 ఈథర్నెట్ మాడ్యూలు పెట్టడం నయం. సందేశాలు అవే, ప్రోగ్రాములో నెట్‌వర్క్‌కు సంబంధించిన వరసలే మారతాయి. తీగ వంద మీటర్ల దాకా లాగొచ్చు. ఈథర్నెట్ జాక్‌లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు చివరలనూ విద్యుత్తుపరంగా విడదీస్తుంది కాబట్టి స్పీకర్లలో 'హుమ్' కూడా ఎక్కదు.

అవతల ఉన్నది మీ నాదం పెట్టె కాకుండా కీబోర్డు సాఫ్ట్‌వేర్ అయితే మిడీ తప్పదు. అప్పుడు మిడీని నెట్‌వర్క్ మీద మోసే ఆర్‌టీపీ మిడీ వాడండి. మ్యాక్, ఐప్యాడ్‌లలో ముందే ఉంటుంది, విండోస్‌కు విడిగా వేసుకోవాలి. అందులో ప్రతి ప్యాకెట్ వెంట ఇటీవలి స్థితి చిట్టా కూడా వెళ్తుంది. ఆగమన్న సందేశం దారిలో పోయినా తర్వాతి ప్యాకెట్ చూసి మోగుతున్న స్వరాన్ని ఆపేస్తుంది. 2011 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6295లో ఆ పద్ధతి వివరంగా ఉంది.

రెండో కళాకారుడు వచ్చి చేరితే అతని పెట్టెకు '/పట్టి/2' అని పేరు పెట్టండి. నాదం పెట్టెలో వరస సంఖ్యలను, నిశ్శబ్దపు గడువును ఒక్కో పట్టీకి విడివిడిగా లెక్కపెట్టండి. లేకపోతే ఒకరు వాయిస్తున్నంతసేపూ రెండోవారి తెగిపోయిన స్వరం మోగుతూనే ఉంటుంది.